రాలిపోయిన అక్షరం జాడ: ఇంగ్లీషు అపోస్ట్రఫీని అర్థం చేసుకోవడం ఎలా?

‘శివోఽహం’ అన్న మాటను అచ్చులో చూస్తే ‘వో’కీ ‘హం’కీ మధ్య మెలిక తిరిగిన గుర్తు ఒకటి కనిపిస్తుంది. అది అవగ్రహం. శివః, అహం అనే రెండు మాటలు కలిసినప్పుడు ‘అహం’లోని అకారం లోపించింది. అది లోపించిన చోట ఆ గుర్తు నిలబడింది. దాన్ని ఎవరూ పలకరు. ‘ఇక్కడ ఒక అ ఉండేది’ అని కంటికి చెప్పడమే దాని పని. ఇంగ్లీషులో అపోస్ట్రఫీ (’) పుట్టింది కూడా ఇందుకే.

తెలుగులో మాత్రం మనకు ఈ అలవాటు లేదు. వాడు, ఎక్కడ కలిస్తే ‘వాడెక్కడ’ అని రాస్తాం. ఉకారం పోయింది, కానీ పోయినట్టు గుర్తేమీ పెట్టం. చదివేవాళ్లు చెవితో పట్టుకుంటారని మన లెక్క. అందుకే ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు ఆ చిన్న కొక్కెం ఒక అలంకారంలా అనిపిస్తుంది. చివర ‘ఎస్’ కనబడితే చాలు, దాని ముందు ఒకటి తగిలిస్తాం. బోర్డుల మీద ‘దోశ’స్’, లెటర్‌హెడ్‌ల మీద ‘ఎమ్మెల్యే’స్’, బడిలో రాసే ఉత్తరాల చివర ‘యువర్’స్ ఫెయిత్‌ఫుల్లీ’ అలా వచ్చినవే. మూడూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే ‘ఇక్కడ ఏం రాలిపోయింది?’ అన్న ఒక్క ప్రశ్న అలవాటు చేసుకోవాలి.

(ఇంగ్లీషు మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే చూపిస్తున్నాం. గుర్తు ఎక్కడ పడాలో ఆ మాట మధ్యలోనే కనిపిస్తుంది. స్పెల్లింగు ముఖ్యమైన చోట అక్షరాల పేర్లు విడిగా ఉంటాయి.)

అతుకు దగ్గర కాదు, ఖాళీ దగ్గర

‘డు నాట్’ అన్న రెండు మాటలు కుదించుకుని ‘డోన్’ట్’ అయ్యాయి. చాలామంది దీన్ని డి, ఓ, ఆ తర్వాత అపోస్ట్రఫీ, ఎన్, టి అని రాస్తారు. రెండు మాటలూ అతుక్కున్న చోట గుర్తు పడాలని వాళ్ల ఊహ. కానీ అక్కడ ఏదీ పోలేదు. పోయింది ‘నాట్’లోని ఓ. అది ఎన్‌కీ టికీ మధ్య ఉండేది కాబట్టి గుర్తు కూడా ఆ రెంటి మధ్యే పడాలి: డి, ఓ, ఎన్, అపోస్ట్రఫీ, టి. డిడ్‌న్’ట్, ఇజ్‌న్’ట్, హావ్‌న్’ట్, కుడ్‌న్’ట్ అన్నిటికీ ఇదే లెక్క. ‘నాట్’ కలిసిన ప్రతి కుదింపులోనూ గుర్తు చివరి టికి ముందే వస్తుంది. దీనికి మినహాయింపు లేదు.

‘విల్ నాట్’ కుదిస్తే ‘వోన్’ట్’ ఎందుకవుతుందన్నది న్యాయమైన సందేహమే. మధ్యయుగపు ఇంగ్లీషులో ‘విల్’కి ‘వోల్’ అనే రూపం కూడా వాడుకలో ఉండేది. తర్వాత ‘వోల్’ పోయింది, దానికి ‘నాట్’ కలిపి చేసిన కుదింపు మిగిలింది. ‘షల్ నాట్’ కుదించినప్పుడు రెండు చోట్ల అక్షరాలు పోతాయి, గుర్తు మాత్రం ఒక్కటే పెడతారు. ‘ఓ’క్లాక్’లో పోయినవి ఇంకా ఎక్కువ. అసలు మాట ‘ఆఫ్ ద క్లాక్’. ‘మా’మ్’లో ‘మేడమ్’ నడుమనున్న డి పోయింది.

‘ఆమ్, ఆర్, ఇజ్, హావ్, హాజ్, హాడ్, విల్, వుడ్’ అనే సహాయక క్రియలు ముందున్న మాటకు అతుక్కునేటప్పుడు తమ ముందు భాగాన్ని పోగొట్టుకుంటాయి: ఐ’మ్, దే’ర్, వి’వ్, షి’ల్. ఇందులో చిక్కు రెండు చోట్ల ఉంది. ‘హి’జ్’ అంటే ‘హి ఇజ్’ కావచ్చు, ‘హి హాజ్’ కావచ్చు. ‘ఐ’డ్’ అంటే ‘ఐ హాడ్’ కావచ్చు, ‘ఐ వుడ్’ కావచ్చు. తేల్చేది వెనక వచ్చే క్రియ. ‘ఐ’డ్ గో’లో క్రియ మూలరూపంలో ఉంది కాబట్టి అది ‘వుడ్’. ‘ఐ’డ్ గాన్’లో క్రియ మూడో రూపంలో ఉంది కాబట్టి ‘హాడ్’. ‘యు’డ్ బెటర్ గో’ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. మూలరూపం కనిపిస్తున్నా అది ‘హాడ్ బెటర్’ అనే నుడికారం, ‘వుడ్’ కాదు.

వాక్యం చివర కుదరదు

బడి పుస్తకాలు సాధారణంగా చెప్పని నియమం ఒకటుంది. ‘ఆర్ యు రెడీ?’ అని అడిగితే ‘యెస్, ఐ’మ్’ అని ఊరుకోకూడదు. ‘యెస్, ఐ ఆమ్’ అనే అనాలి. ‘హి’జ్ ఎట్ హోమ్’ సరైనదే. ‘ఐ నో వేర్ హి’జ్’ తప్పు, అక్కడ ‘వేర్ హి ఇజ్’ అని విడిగా చెప్పాలి. కుదింపు అంటే ఆ మాట మీద ఊనిక లేదని అర్థం. చివర్న మిగిలిపోయిన సహాయక క్రియ మీద వాక్యం బరువంతా పడుతుంది. బరువు మోసే మాటను నలిపేయడం కుదరదు. ‘నాట్’ కలిసిన వాటికి ఈ ఇబ్బంది లేదు. ‘నో, ఐ డోన్’ట్’ అని నిశ్చింతగా ముగించవచ్చు.

ఇంకో ఇబ్బంది కుదింపును విప్పేటప్పుడు ఎదురవుతుంది. పరిశోధన వ్యాసాల్లో, ఒప్పంద పత్రాల్లో, అధికారిక ఉత్తరాల్లో కుదింపులు వద్దంటారు. సరేనని ‘వై డోన్’ట్ యు’ అన్నదాన్ని విప్పి ‘వై డు నాట్ యు’ అని రాస్తారు. ఈనాటి ఇంగ్లీషులో అది కుదరదు. విప్పగానే ‘నాట్’ తన చోటు మార్చుకుని కర్త వెనక్కి పోవాలి: ‘వై డు యు నాట్’. ‘కెన్ నాట్’ను ఒకే మాటగా రాయాలన్నది కూడా విప్పేటప్పుడే మరిచిపోతుంటారు. కుదింపులు తీసేయమన్నారని యజమానిని సూచించే అపోస్ట్రఫీలను కూడా తీసేసేవాళ్లున్నారు. ఆ నియమం వాటికి వర్తించదు. ఎంత అధికారిక పత్రమైనా ‘ద కంపెనీ’స్ పాలసీ’ అలాగే ఉండాలి.

రాతలో కాకుండా నోట్లో వచ్చే ఒక చిక్కు అమెరికాలో పనిచేసే తెలుగువాళ్లకు బాగా ఎదురవుతుంది. మామూలు వాక్యంలో అమెరికన్లు ‘కెన్’ను దాదాపు ‘క్న్’ అని తేలిగ్గా దాటేస్తారు. ‘కాన్’ట్’ను నిండు అచ్చుతో, ‘క్యాన్’ అని ఊనిక పెట్టి పలుకుతారు, చివరి టిని చాలాసార్లు మింగేస్తారు. మనం ‘ఐ క్యాన్ డు ఇట్’ అని ప్రతి మాటా స్పష్టంగా పలికితే వాళ్ల చెవికి అది ‘చేయలేను’ అన్నట్టు వినబడే ప్రమాదముంది. ‘క్యాన్’ను తేల్చేసి ‘డు’ మీద ఊనిక వేస్తే ‘చేయగలను’ అని తెలుస్తుంది. మీటింగులో గడువు ఒప్పుకునేటప్పుడు, అనుమానం ఉంటే ‘కెన్‌నాట్’ అని పూర్తిగా అనడం మంచిది.

యజమాని గుర్తులోనూ ఒక అక్షరం పోయింది

‘రాము’స్ హౌస్’ అన్నప్పుడు ఏం రాలిపోయింది? ఇక్కడ ఏమీ పోలేదనీ ఇది వేరే నియమమనీ అనిపిస్తుంది. కానీ ఇక్కడా ఒక పాత లోపమే ఉంది. పాత ఇంగ్లీషులో చాలా నామవాచకాలకు ‘యొక్క’ అనే అర్థంలో చివర ఈ, ఎస్ అనే రెండక్షరాలు చేరేవి. రాజుకు ‘క్యునింగ్’, రాజుదైన దానికి ‘క్యునింగెస్’. ఆ ‘ఎ’ పలుకుబడిలో అరిగిపోయింది. ఫ్రాన్సులో జోఫ్రువా తొరీ 1529లో ప్రతిపాదించిన అపోస్ట్రఫీ ఆ శతాబ్దంలోనే ఇంగ్లీషు అచ్చులోకి వచ్చింది. మొదట పలకని అక్షరాలకు గుర్తుగా వాడారు. తర్వాత అరిగిపోయిన ఆ ‘ఎ’ చోటులోనూ నిలిపారు. కాలక్రమంలో అది స్వామ్యానికి గుర్తుగా స్థిరపడింది. బహువచనంలో ఎస్ తర్వాత పెట్టే పద్ధతి ఇంకా ఆలస్యంగా కుదురుకుంది.

ఎస్‌కి ముందా, తర్వాతా అన్న ప్రశ్నకు మన భాషే ఒక ఆధారం ఇస్తుంది. తెలుగులో బహువచనపు ‘లు’ మరో నామవాచకం ముందు నిలిచినప్పుడు ‘ల’ అవుతుంది. విద్యార్థులు, విద్యార్థుల హాస్టల్. ఉపాధ్యాయులు, ఉపాధ్యాయుల దినోత్సవం. ఈ ‘ల’ కనిపించిన చోట ఇంగ్లీషులో తరచుగా ఎస్ తర్వాత గుర్తు పడుతుంది: స్టూడెంట్స్’ హాస్టల్, టీచర్స్’ డే. కాలాన్ని కొలిచే మాటలకు ఇది మరీ బాగా పనికొస్తుంది, తప్పులు ఎక్కువ జరిగేది కూడా అక్కడే. రెండు రోజుల సెలవు: టు డేస్’ లీవ్. రెండు వారాల నోటీసు: టు వీక్స్’ నోటీస్. ఐదేళ్ల అనుభవం: ఫైవ్ ఇయర్స్’ ఎక్స్‌పీరియన్స్. రెజ్యూమెల్లో ఈ గుర్తు లేకుండా ‘ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ అని రాసేవాళ్లే ఎక్కువ. గుర్తు పెట్టడం ఇష్టం లేకపోతే ‘ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’ అని రాయాలి. రెండూ సరైనవే, ‘ఆఫ్’, గుర్తు రెండూ లేనిదే తప్పు. ఒక్క రోజైతే ‘ఎ డే’స్ లీవ్’, గుర్తు ఎస్‌కి ముందుకు వస్తుంది.

ఈ కొలబద్దకు హద్దులున్నాయి. ‘పుస్తకాల షాపు’లోనూ ‘ల’ ఉంది, కానీ షాపుకు యజమాని పుస్తకాలు కాదు. ఇంగ్లీషులో అది ‘బుక్‌షాప్’. ‘ఐదేళ్ల పాప’ అంటే ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్’, అక్కడ కావలసింది హైఫన్. కాబట్టి ‘ల’ కనిపించాక మరో ప్రశ్న వేసుకోవాలి: ముందున్న మాట మనుషులనో కాలపు కొలతనో చెబుతోందా? చెబుతుంటే గుర్తు ఉండే అవకాశం ఎక్కువ.

బహువచనమే ఎస్‌తో ముగియకపోతే దానికి ఎస్ కొత్తగా చేర్చాలి, గుర్తు దానికి ముందు పడాలి: చిల్డ్రన్’స్ వార్డ్, విమెన్’స్ హాస్టల్, మెన్’స్ వేర్. ‘విమెన్స్’’ అని చివర గుర్తు పెట్టిన బోర్డులు ఊరూరా ఉంటాయి. అది తప్పు, ఎందుకంటే ‘విమెన్స్’ అనే బహువచనం భాషలో లేదు. ఇద్దరికీ కలిపి ఒకే వస్తువుంటే గుర్తు రెండో పేరుకే: ‘రవి అండ్ లత’స్ హౌస్’. ఎవరిది వాళ్లదే అయితే ఇద్దరికీ: ‘రవి’స్ అండ్ లత’స్ ఫోన్స్’. బావగారిదైతే మొత్తం మాట చివర: ‘బ్రదర్-ఇన్-లా’స్ కార్’. బావలు ఎక్కువమంది ఉంటే బహువచనపు ఎస్ మాత్రం ‘బ్రదర్స్-ఇన్-లా’ అని మధ్యలోకి పోతుంది.

శ్రీనివాస్, ప్రకాశ్, నాగేశ్ అనే మూడు పేర్లలో శ్రీనివాస్‌కే ఇబ్బంది, ఇంగ్లీషులో అదొక్కటే ఎస్‌తో ముగుస్తుంది. ‘శ్రీనివాస్’ తర్వాత గుర్తు పెట్టి ఇంకో ఎస్ రాయాలా, గుర్తుతోనే ఆపాలా? పుస్తక ప్రచురణలో ఎక్కువగా అనుసరించే చికాగో పద్ధతి ఇంకో ఎస్ రాయమంటుంది. అమెరికా పత్రికలు పాటించే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) పద్ధతి గుర్తుతో ఆపమంటుంది. 2006లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఒకదానిలో, ‘కాన్సస్’ రాష్ట్రం పేరుకు మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి ఎస్ చేర్చలేదు, విభేదించిన న్యాయమూర్తి చేర్చాడు. మా మొగ్గు ఎస్ రాయడం వైపు. ‘శ్రీనివాసిజ్’ అని నోటితో పలుకుతాం కాబట్టి పలికినది రాతలో కనిపించాలి. ఏది ఎంచుకున్నా ఒకే పత్రంలో రెండూ కలపకూడదు.

అమెరికాలో చదువుకు వెళ్లే పిల్లలు ఒకటి గమనించాలి. ‘మాస్టర్’స్ డిగ్రీ’లో గుర్తు ఉంటుంది, ‘బ్యాచిలర్’స్’లోనూ అంతే. కానీ డిగ్రీ పూర్తి పేరు ‘మాస్టర్ ఆఫ్ సైన్స్’ అని రాసేటప్పుడు గుర్తూ లేదు, ఎస్సూ లేదు. ‘మాస్టర్స్ ఆఫ్ సైన్స్’ అన్నది దరఖాస్తుల్లో తరచుగా కనిపించే తప్పు.

‘ఇట్స్’ దగ్గర ఎందుకు తడబడతాం?

పేర్లకు గుర్తు పెట్టి యజమానిని చెబుతాం కదా, ‘దాని తోక’ అన్నప్పుడు ‘ఇట్’కి మాత్రం ఎందుకు పెట్టకూడదు? ఇది తెలివైన తప్పు, పాతది కూడా. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో సెక్షన్‌లో ‘దాని తనిఖీ చట్టాలు’ అనే అర్థంలో ‘ఇట్’స్’ అని గుర్తుతోనే ఉంది. ఆ కాలంలో అలా రాయడం వింత కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ రూపం తప్పుకుంది. అప్పటి నుంచి గుర్తున్న ‘ఇట్’స్’ను ‘ఇట్ ఇజ్’, ‘ఇట్ హాజ్’ అనే కుదింపులకే వదిలేశారు.

సర్వనామాల స్వామ్య రూపాలన్నీ ఒకే కట్టు: హిజ్, హర్స్, అవర్స్, యువర్స్, దేర్స్, ఇట్స్. ఒక్కదానికీ గుర్తు లేదు. ‘హిజ్’లో ఎవరూ గుర్తు పెట్టరు కదా, ‘ఇట్స్’ దాని తోబుట్టువు. ఉత్తరం చివర ‘యువర్స్ సిన్సియర్లీ’ కూడా అంతే, అక్కడ ఏ అక్షరమూ రాలలేదు. పరీక్షించడం తేలిక: ఆ చోట ‘ఇట్ ఇజ్’ అనో ‘ఇట్ హాజ్’ అనో పెట్టి చదవండి. వాక్యం నిలబడితే గుర్తు పెట్టాలి, కూలితే తీసేయాలి. ‘హూ’జ్’, ‘హూజ్’కీ, ‘యు’ర్’, ‘యువర్’కీ, ‘దే’ర్’, ‘దేర్’కీ ఇదే పరీక్ష చాలు. ‘వన్’స్’, ‘సమ్‌బడీ’స్’, ‘ఎల్స్’స్’ ఈ కట్టుకు చెందవు. అవి పేర్లలాగే ప్రవర్తిస్తాయి, వాటికి గుర్తు ఉంటుంది.

బహువచనానికి గుర్తు వద్దు

దోశలు ఎన్ని ఉన్నా ఏ అక్షరమూ పోదు. దోశస్, ఇడ్లీస్, ఫొటోస్, ఎమ్మెల్యేస్, పీహెచ్‌డీస్ దేనికీ గుర్తు లేదు. ఇంటిపేర్లు కూడా అంతే. అమెరికాలో ఇంటి ముందు బోర్డు రాయించుకునే రెడ్డిగారి కుటుంబం ‘ద రెడ్డీస్’ అని చెక్కించుకోవాలి: ఆర్, ఈ, డి, డి, వై, ఎస్. గుర్తు పెడితే ‘ఆ రెడ్డిది’ అని ఒక్క మనిషి సొత్తు అవుతుంది. వై ఉంది కదా అని ఐ, ఈ, ఎస్‌గా మార్చడం కూడా కుదరదు, పేరు స్పెల్లింగు పేరుదే. ఒక్క మినహాయింపు చిన్న బడి అక్షరాలది. ఐ అనే చిన్న అక్షరం బహువచనానికి ఎస్ చేర్చితే అది ‘ఇజ్’ అనే మాటలా కనబడుతుంది. అక్కడ మాత్రం చదివేవాళ్ల సౌకర్యం కోసం గుర్తు పెడతారు.

దశాబ్దాలు రాసేటప్పుడు ‘1990స్’లో గుర్తు లేదు. 19ని వదిలేసి ‘’90స్’ అంటే ముందు గుర్తు కావాలి, అక్కడ రెండంకెలు రాలాయి కాబట్టి. ఇక్కడ కీబోర్డు మోసం చేస్తుంది. మాట మొదట్లో అపోస్ట్రఫీ మీట నొక్కితే వర్డ్ ప్రాసెసర్లు దాన్ని ఉటంకింపు మొదలనుకుని అటు తిప్పిన కామా వేస్తాయి. అపోస్ట్రఫీ ఎప్పుడూ 9 అంకెలా ఉండాలి, 6లా కాదు. దాని యూనికోడ్ సంఖ్య (కంప్యూటర్‌లో ప్రతి గుర్తుకూ ఉండే సంఖ్య) 2019. రెండుసార్లు నొక్కి మొదటిదాన్ని చెరిపేస్తే సరైనది మిగులుతుంది. కీబోర్డులో ఒకటి అంకె పక్కనున్న వాలుగీత వేరే గుర్తు, దాన్ని వాడకూడదు. నిటారుగా ఉండే 0027 గుర్తు మెయిళ్లకు, కోడుకు సరిపోతుంది. కోడు రాసేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. ‘ఓ’బ్రయన్’, ‘డి’సౌజా’ లాంటి పేర్లు డేటాబేస్‌లోకి వెళ్లినప్పుడు ఆ గుర్తు డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో ఆ పేరు ముగింపుగా చదవబడుతుంది. పేర్లను డేటాబేస్‌కు పంపే ప్రశ్నలో (క్వెరీలో) నేరుగా అతికించకుండా పారామీటర్లుగా పంపాలి.

స్థలాల పేర్లలో, కంపెనీల పేర్లలో తర్కం వెతకడం వృథా. మెక్‌డొనాల్డ్’స్, డొమినో’స్ గుర్తు ఉంచుకున్నాయి. స్టార్‌బక్స్‌కు లేదు. లండన్‌లో పుస్తకాల సంస్థ వాటర్‌స్టోన్స్ 2012లో తన గుర్తు తీసేసింది. అదే ఊళ్లో పికడిల్లీ రైలు మార్గంలో ‘ఎర్ల్’స్ కోర్ట్’కు గుర్తు ఉంది, దాని పక్క స్టేషన్ ‘బారన్స్ కోర్ట్’కు లేదు. పండుగలూ అంతే. ‘మదర్’స్ డే’ని మొదలుపెట్టిన ఆనా జార్విస్ ఏ ఇంటికి ఆ ఇంటి అమ్మ అన్న ఉద్దేశంతో ఏకవచనమే ఉండాలని పట్టుబట్టింది. అమెరికా ‘వెటరన్స్ డే’కు అధికారికంగా గుర్తే లేదు. వీటిని వాళ్లు రాసుకున్నట్టే రాయాలి.

రాసింది దిద్దుకునేటప్పుడు మొత్తం మళ్లీ చదవడం కంటే వెతుకులాట పెట్టెలో అపోస్ట్రఫీ ఒక్కదాన్నే కొట్టి, ఒక్కో చోటా ఆగి ‘ఇక్కడ ఏం పోయింది, లేదా ఇది ఎవరిది?’ అని అడగడం త్వరగా అవుతుంది. జవాబు రాకపోతే తీసేయాలి. తర్వాత గుర్తు లేని ‘ఇట్స్’, ‘యువర్’, ‘హూజ్’లను విడిగా వెతకాలి. ఫోను ‘వెల్’ను ‘వి’ల్’గా, ‘వర్’ను ‘వి’ర్’గా ఒక్కోసారి తనంతట తాను మార్చేస్తుంది కాబట్టి పంపేముందు అవి కూడా చూడాలి. కంప్యూటర్ ఇవన్నీ కొంతవరకు పట్టుకోగలదు. ‘మై బ్రదర్’స్ ఫ్రెండ్స్’, ‘మై బ్రదర్స్’ ఫ్రెండ్స్’ అనే రెంటిలో ఏది సరైనదో మాత్రం అది చెప్పలేదు. తమ్ముడు ఒక్కడా, ఇద్దరా అన్నది రాసేవాళ్లకే తెలుసు.